అరకు, పాడేరు, లంబసింగి: ఐదు రోజుల సైకిల్ ప్రయాణం ఎటు నుంచి ఎక్కాలి, ఎటు దిగాలి?

అడిగినది క్లుప్తంగా ఇదీ: ఉండేది హైదరాబాదు, సైకిలు మామూలు హైబ్రిడ్, ఆదివారాల్లో వికారాబాద్ అనంతగిరి దాకా వెళ్ళొచ్చే అలవాటు ఉంది. డిసెంబరులో ఐదు రోజులు సెలవు దొరికింది. విశాఖ నుంచి అరకు, పాడేరు, చింతపల్లి, లంబసింగి తిరిగి రావాలి. రోజుకు 100 కిలోమీటర్లు వేసుకుంటే సరిపోతుందా, ఎటు నుంచి మొదలుపెట్టాలి, సైకిలు ఎలా తెచ్చుకోవాలి.

రోజుకు వంద అన్న లెక్కను ముందు కొట్టేయండి. మీ అనంతగిరి, అరకు దారిలో ఉన్న మా అనంతగిరి పేరుకే ఒకటి. వికారాబాద్ దగ్గర ఎక్కుడు మొదలైందని అనుకునేలోపే గుడి వచ్చేస్తుంది. ఇక్కడ శృంగవరపుకోట దాటి బొడ్డవర దగ్గర మొదలైన ఎక్కుడు గాలికొండ దాకా 30 కిలోమీటర్లకు పైగా సాగుతుంది. మధ్యమధ్య చిన్న పల్లాలు వస్తాయి. అవి చూసి సంతోషపడకండి, దిగినదంతా మళ్ళీ ఎక్కాల్సిందే. నికరంగా వెయ్యి మీటర్లకు పైనే పైకి వెళ్తారు. ఆ పక్కనే కొండల్లోంచి వెళ్ళే రైలు లైను మీద శిమిలిగుడ అనే స్టేషను 996 మీటర్ల ఎత్తులో ఉంది. రోడ్డు అంతకంటే పైకి పోయి, తర్వాత అరకు లోయలోకి దిగుతుంది.

ఎంత సేపు పడుతుందో ఇంట్లో కూర్చునే లెక్క కట్టొచ్చు. ముందు చైన్ వీల్‌లో చిన్నది 28 పళ్ళు, వెనక ఫ్రీవీల్‌లో (వెనక చక్రానికి ఉండే పళ్ళ చక్రాల గుత్తిలో) పెద్దది 34 పళ్ళు అనుకోండి. పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం 0.82 చుట్టు తిరుగుతుంది. మీ టైరు చుట్టుకొలత దాదాపు 2.15 మీటర్లు కాబట్టి ఒక్కో చుట్టుకు సైకిలు 1.77 మీటర్లు కదులుతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు 6.4 కిలోమీటర్లు. నిటారుగా ఉన్న చోట మీ వేగం అదే. ఘాట్ సగటు వాలు నూటికి మూడు నాలుగు మీటర్లే అయినా ఆగుతూ, తాగుతూ, ఫొటోలు తీసుకుంటూ పోతే ఆ 30 కిలోమీటర్లకు ఐదు గంటలు పెట్టుకోవాలి. వెనకది 34 కాకుండా 28 ఉందనుకోండి, అవే 60 చుట్లకు గంటకు 7.7 కిలోమీటర్లు వెళ్ళాలి. తేడా ఒక్క కిలోమీటరే కదా అనిపిస్తుంది. మూడో గంటలో మోకాళ్ళు వేరే మాట చెబుతాయి.

ఇక ఎటు నుంచి అన్న ప్రశ్న. నా ఓటు అరకు వైపు నుంచి ఎక్కి లంబసింగి వైపు దిగడానికే. రెండు వైపులా నేను ఎక్కాను. నర్సీపట్నం నుంచి లంబసింగికి ఎక్కే దారి పొట్టిదే, కానీ నా కాళ్ళకు అదే గట్టి దారి. పైగా మొదటి రోజే దాని మీద ఒళ్ళు హూనం చేసుకుంటే మిగతా నాలుగు రోజులూ మూలుగుతూ తిరగాలి. అరకు ఘాట్‌లో ఎక్కుడు నెమ్మది, టీ కొట్లు ఉన్నాయి, కాలు పట్టేస్తే ఏదో ఒక బండి ఆపుకోవచ్చు. ఆ మాటకొస్తే ఎక్కలేనేమో అన్న భయం ఉంటే రైల్లోనే పైకి వెళ్ళండి, సిగ్గుపడాల్సింది లేదు. విశాఖ నుంచి కిరండూల్ రైలు పొద్దున్న ఏడు లోపే బయల్దేరి పదకొండు ప్రాంతంలో అరకు చేరుస్తుంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడం కోసం 1960ల్లో వేసిన లైను అది. అరకు చేరేలోపు పదుల కొద్దీ సొరంగాలు దాటుతుంది. మా బావమరిది సైకిలు దాంట్లో వేసుకొచ్చి, అరకు స్టేషన్ బయట మా కోసం ఎదురుచూస్తూ మూడు ప్లేట్ల ఇడ్లీ లాగించాడు. మేం చేరేసరికి సాయంత్రం నాలుగు. ఎవరు తెలివైనవాళ్ళో మీరే చెప్పండి.

మొదటి రోజు విశాఖ నుంచి పెందుర్తి, కొత్తవలస మీదుగా శృంగవరపుకోట, 50 కిలోమీటర్లు అటూ ఇటూ. ఊరు దాటేదాకా లారీల దుమ్ము. చెప్పుకోవడానికి ఏమీ లేదు. తెల్లారకముందే బయల్దేరి, శృంగవరపుకోటలో భోంచేసి పడుకోండి. నేరుగా అరకు పోదామని మాత్రం చూడకండి. విశాఖ నుంచి అరకు 115 కిలోమీటర్లు. మంచి అలవాటున్నవాళ్ళు ఒక్క రోజులో చేస్తారు. కానీ వాళ్ళ సైకిలు మీద బ్యాగులుండవు, వెనక కారులో స్నేహితుడుంటాడు.

రెండో రోజు అసలు రోజు. శృంగవరపుకోట నుంచి అరకు 65 కిలోమీటర్ల వరకు ఉంటుంది. ఐదింటికి లేచి, ఆరింటికి రోడ్డు మీద ఉండాలి. డిసెంబరులో మా వైపు సాయంత్రం ఐదున్నరకే చీకటి పడుతుంది, కొండల మధ్య ఇంకా ముందే. ఈ రోజు శనివారమో ఆదివారమో కాకుండా చూసుకోండి. డిసెంబరు వారాంతాల్లో అరకు ఘాట్ మీద కార్లు చీమల బారులా ఉంటాయి. మలుపు దగ్గర ముందు బండిని దాటాలనే తొందరలో ఎదురుగా వచ్చే సైకిల్ని చూసేవాడు ఉండడు. ఐదు రోజుల్లో వారాంతం తప్పదంటే దాన్ని పాడేరు–చింతపల్లి వైపు పడేలా వేసుకోండి.

ఎక్కేటప్పుడు చేయాల్సింది ఒకటే: మొదటి గంటలో బలం చూపించకపోవడం. పక్కన ఎవరైనా ఉంటే ఆయాసం లేకుండా మాట్లాడుతూ తొక్కగలగాలి. మాట తెగుతుంటే గేరు తగ్గించండి. తైడ దగ్గర ఆగండి, దాముకు దగ్గర ఆగండి, బొర్రా గుహలకు పోయే అడ్డరోడ్డు దగ్గర ఆగండి. గుహలు చూడాలంటే ప్రధాన రోడ్డు వదిలి కిందకు దిగి, మళ్ళీ ఆ ఎక్కుడు ఎక్కాలి. సామానుతో ఉన్న రోజు నేనైతే పోను. అనంతగిరి దాటాక సిల్వర్ ఓక్ చెట్ల కింద కాఫీ తోటలు మొదలవుతాయి. ఆ చెట్లకే మిరియాల తీగ పాకించి ఉంటుంది. డిసెంబరంటే కాఫీ పళ్ళు కోసే కాలం. కళ్ళాల్లో ఎర్రటి పళ్ళు ఆరబోసి ఉంటాయి, పులిసిన తీపి వాసన రోడ్డు దాకా వస్తుంది. సుంకరిమెట్ట దాటి లోయలోకి దిగేటప్పుడు చెమటతో తడిసిన చొక్కా మీద చల్లగాలి కొడుతుంది. అప్పుడే జలుబు పట్టుకునేది. గాలికొండ దగ్గరే పొడి చొక్కా, పైన ఓ పల్చటి జాకెట్ వేసుకుని దిగండి.

మూడో రోజు అరకు నుంచి డుంబ్రిగుడ, హుకుంపేట మీదుగా పాడేరు, 45 కిలోమీటర్లు. అంకె చూసి నవ్వొచ్చిందా? రోజంతా ఎక్కడం, దిగడం, ఎక్కడం, దిగడం. కానీ ఈ ఐదు రోజుల్లో నాకు ఇష్టమైన ముక్క ఇదే. చేలు, గెడ్డలు (వాగులు), దూరంగా కొండల వరస, రోడ్డు పక్కన నడుస్తూ సంతకు పోయే ఆడవాళ్ళు. వలిసె (నూనె గింజల పంట) పూలు చూడాలని వస్తే కొంచెం ఆలస్యమైనట్టే. నవంబరులో కొండలన్నీ పసుపు పూసినట్టుంటాయి, డిసెంబరు గడిచేకొద్దీ కోతలు పడతాయి. కోసిన వలిసె కట్టలు, చోడి (రాగి) వెన్నులు రోడ్డు మీద పరుస్తారు. బండ్ల చక్రాల కింద నలిగి గింజ రాలుతుంది, తర్వాత తూర్పారబట్టుకుంటారు. కారువాళ్ళకు అది పట్టదు. మనకు మాత్రం గోళీల మీద నడిచినట్టే. దూరం నుంచే వేగం తగ్గించి, హ్యాండిల్ తిప్పకుండా, ముందు బ్రేకు ముట్టుకోకుండా నిటారుగా దాటేయండి. పక్కన ఖాళీ ఉంటే దిగి నడిపించుకుపోవడం మర్యాద కూడా. అది వాళ్ళ పంట.

డుంబ్రిగుడ దగ్గర ఒక పెద్దాయన నా బ్యాగులు, హెల్మెట్ ఎగాదిగా చూసి, "ఏటి బాబూ, బస్సు దొరకలేదేటి?" అని జాలిపడ్డాడు. ఎందుకు తొక్కుతున్నానో ఆయనకు చెప్పగలిగే జవాబు నా దగ్గర లేకపోయింది.

హుకుంపేట దాటాక నాకు రెండోసారి ప్రయాణంలో వెనక చక్రంలో పుల్ల (స్పోకు) తెగింది. టంగుమని చిన్న చప్పుడు, ఆ తర్వాత చక్రం చుట్టుకొకసారి బ్రేకు రబ్బరుకు రాసుకుంటోంది. తెగింది ఫ్రీవీల్ వైపుది. అటువైపు పుల్ల మార్చాలంటే ముందు ఫ్రీవీల్ ఊడదీయాలి, దానికి వేరే పనిముట్టు ఉంటుంది. అది నా దగ్గర లేదు. వెనక్కి వెళ్ళి సైకిల్ షాపతన్ని అడిగితే అతని దగ్గరా లేదు, గేర్ల సైకిలు ఆ షాపుకు రావడం అదే మొదలట. కానీ అతను చేసిన పని చూడాలి. సైకిల్ని తలకిందులుగా నిలబెట్టి, తెగిన పుల్లకు అటూ ఇటూ ఉన్న వాటిని వేలితో ఒక్కొక్కటే మీటి విన్నాడు. వదులుగా పలికిన దాన్ని పావు చుట్టు బిగించాడు, ఎదురు వైపు దాన్ని పావు చుట్టు వదిలాడు. బ్రేకు రబ్బరు పక్కన బొటనవేలు ఆనించి చక్రం తిప్పుతూ, గోరుకు తగిలిన చోట ఆపి మళ్ళీ మీటాడు. పది నిమిషాల్లో బెండు చాలా మటుకు పోయింది. ఇరవై రూపాయలడిగాడు. అయినా వెనక బ్రేకు కాస్త వదులు చేసుకుని తొక్కాల్సి వచ్చింది. ఆ చక్రంతో ఘాట్ దిగే ధైర్యం చేయలేదు, పాడేరులో కండక్టరును బతిమాలి బస్సెక్కించాను. అప్పటి నుంచి నా బ్యాగులో ఫ్రీవీల్ విప్పే పనిముట్టు, సరైన కొలత పుల్లలు మూడు తప్పకుండా ఉంటాయి. మీ చక్రం పుల్లల కొలత రెండు వైపులా ఒకటి కాకపోవచ్చు, షాపులో కొలిపించి తీసుకోండి. బయల్దేరే ముందు రెండు చక్రాలూ బెండు తీయించి పుల్లలు బిగింపు చూపించుకుంటే సగం బెడద అక్కడే పోతుంది.

పాడేరు ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా కేంద్రం. లాడ్జీలు, మందుల షాపులు, డబ్బు తీసుకునే ఏటీఎంలు అన్నీ ఉన్నాయి. ఇక్కడే మీ ఒంటిని అడగండి. మోకాలు నొప్పి, జ్వరం, వాన, ఏదున్నా ప్రయాణం ఇక్కడ ముగించడానికి మంచి దారి ఉంది. పాడేరు ఘాట్ దిగితే మాడుగుల, అక్కడి నుంచి చోడవరం, అనకాపల్లి. అనకాపల్లిలో రైలు. గోధుమ పాలతో చేసే మాడుగుల హల్వా తింటే ప్రయాణం సగంలో ఆగిందన్న బాధ ఉండదు. పాడేరు దగ్గరి వంజంగి కొండ మీంచి మేఘాలు చూడాలనుకుంటే మాత్రం సైకిలు లాడ్జిలో వదిలి తెల్లవారుజామున ఆటోలో పోండి. చివర ఎలాగూ నడకే.

నాలుగో రోజు జి.మాడుగుల మీదుగా చింతపల్లి, అక్కడి నుంచి లంబసింగి. మొత్తం 60 కిలోమీటర్లు కాస్త అటూ ఇటూ. మాడుగుల, జి.మాడుగుల వేరు వేరు ఊళ్ళు, ఒకటి కొండ కింద, ఒకటి కొండ మీద. దారి అడిగేటప్పుడు పొరపడకండి. ఈ రోజు తిండి, నీళ్ళు మీరే మోయాలి. పాడేరులో టిఫిన్ చేసి, పెరుగన్నమో చపాతీలో కట్టించుకోండి. రెండు లీటర్ల నీళ్ళకు తక్కువ కాకుండా పెట్టుకోండి. ఫోన్ సిగ్నలు మధ్యలో పోతూ ఉంటుంది, పటం ముందే దించుకోవాలి. రాజమహేంద్రవరం నుంచి విజయనగరం పోయే 516ఈ జాతీయ రహదారి ఈ ఊళ్ళ మీదుగానే వస్తుంది. దాన్ని వెడల్పు చేసే పనులు ముక్కలు ముక్కలుగా జరిగాయి కాబట్టి ఒక చోట అద్దంలాంటి తారు, మరో చోట కంకర తేలిన దుమ్ము. అందుకే 32 మిల్లీమీటర్లకు తక్కువ టైర్లతో రావద్దంటాను, 38 అయితే ఇంకా హాయి.

చెక్‌పోస్టుల్లో ఆపి బ్యాగులు విప్పమంటే విప్పండి. గంజాయి రవాణా మీద తనిఖీలు అవి, మీ మీద అనుమానం కాదు. ఆధార్ కార్డు పైన జేబులో ఉంచుకోండి. ప్రధాన రోడ్డు వదిలి ఒడిశా సరిహద్దు వైపు లోపలి ఊళ్ళకు తెలియకుండా దూరకండి.

లంబసింగిలో చలి తమాషా కాదు. అక్కడివాళ్ళు దాన్ని కొర్రబయలు అనేవాళ్ళు. మనిషి బయట ఉంటే కొయ్యబారిపోతాడని అర్థం చెబుతారు. ఉష్ణోగ్రత సున్నా దాకా పడిన రోజులున్నాయి. గుడారంలో పడుకుంటానంటే మంచి స్లీపింగ్ బ్యాగ్ ఉండాలి, లేకపోతే చింతపల్లిలోనే గది తీసుకోండి. శనివారం రాత్రి లంబసింగిలో గది దొరకడం అదృష్టం.

ఐదో రోజు దిగుడు. మంచు విడిచేదాకా, అంటే ఎనిమిదిన్నర తొమ్మిది దాకా, బండి కదపకండి. పదడుగుల దూరం కనపడని పొగమంచులో దిగడం సాహసం కాదు. దిగేటప్పుడు బ్రేకు పట్టి ఉంచేయకూడదు. మీరు 70 కిలోలు, సైకిలు 14, సామాను 11, మొత్తం 95 కిలోలు ఒకే బ్రేకు రబ్బరు మీద రుద్దుతుంటే రిమ్ము కాలిపోతుంది, ట్యూబు పేలిన సందర్భాలున్నాయి. మలుపుకు ముందే రెండు బ్రేకులూ గట్టిగా పట్టి వేగం తగ్గించి, మలుపులో వదిలేయండి. తిన్నగా ఉన్న చోట కాసేపు చల్లారనివ్వండి. కాలిన రబ్బరు వాసన వస్తే ఆగి టీ తాగండి, డిస్క్ బ్రేకయితే డిస్కును వేలితో ముట్టుకోవద్దు. రబ్బర్ల మీద గాళ్ళు అరిగిపోయి నున్నగా ఉంటే కొత్తవి వేయించుకునే బయల్దేరండి, పాతవి బ్యాగులో వేసుకోండి.

ఈ దారిలో దిగుతూ ఒక్క చోటైనా ఆగి వెనక్కి తిరిగి చూడండి. నర్సీపట్నం నుంచి లంబసింగికి రోడ్డు వేయడానికి గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ మన్యం వాళ్ళ చేత చాలీచాలని కూలికి బలవంతంగా పని చేయించాడు. సీతారామరాజు వెనక జనం కదలడానికి ఉన్న కారణాల్లో ఆ రోడ్డు పని ఒకటి. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద, మర్నాడు కృష్ణదేవిపేట మీద, ఆ మర్నాడు రాజవొమ్మంగి మీద దాడులు చేసి తుపాకులు పట్టుకుపోయారు. ఈ కొండల్లో మూడు రోజుల్లో మూడు స్టేషన్లు! అరకు నుంచి చింతపల్లి చేరడానికి మనకు గేర్లున్నా రెండు రోజులు పట్టింది. ఒక పూట మిగిలితే కృష్ణదేవిపేటలో ఆయన సమాధి చూసి రండి.

లంబసింగి నుంచి నర్సీపట్నం 30 కిలోమీటర్లు, అక్కడి నుంచి తుని సుమారు 40, పెద్దగా ఎక్కుడు లేదు. సాయంత్రానికి తుని స్టేషన్లో ఉంటారు. తునిలో ఆగే హైదరాబాదు రైలుకు టికెట్టు ముందే తీసి పెట్టుకోండి.

సైకిలు తేవడం గురించి. మీ టికెట్టు మీద లగేజీగా బుక్ చేస్తే మీరెక్కిన రైల్లోనే బ్రేక్ వ్యానులో (సామాను పెట్టెలో) వస్తుంది. స్టేషన్ పార్సిల్ ఆఫీసుకు కనీసం రెండు గంటల ముందు వెళ్ళాలి. బ్యాగులు, సీసాలు, లైటు, గంట, ఊడేవన్నీ ఊడదీసి మీ దగ్గరే పెట్టుకోండి. పెడల్స్ విప్పి, హ్యాండిల్ పక్కకు తిప్పి కట్టేయండి. వెనక గేరు మార్చే డిరైలర్ మీద అట్టముక్క చుట్టి టేపు వేయండి. దాన్ని ఫ్రేముకు తగిలించే చిన్న కొక్కెం ఒక్క దెబ్బకు వంగుతుంది, గేర్లన్నీ తప్పుతాయి. ఆ కొక్కెం అదనంగా ఒకటి కొని ఉంచుకోండి, ఏ ఊళ్ళోనూ దొరకదు. చీటీ మీద పేరు, ఫోను నంబరు, ఎక్కే స్టేషన్, దిగే స్టేషన్ రాసి ఫ్రేముకు రెండు చోట్ల అంటించండి. రైలు తక్కువ సేపు ఆగే స్టేషన్లలో దింపడం కష్టం, తిరుగు ప్రయాణానికి తునిలో సైకిల్ని వ్యానులోకి ఎక్కించుకుంటారో లేదో ముందే కనుక్కోండి. లేదంటే విశాఖకే వచ్చి ఎక్కండి.

మిగిలినవి గబగబా. కుక్కలు వెంటపడితే తొక్కి పారిపోవద్దు. దిగి సైకిల్ని మధ్యలో పెట్టుకుని నిలబడితే వాటికే విసుగొస్తుంది. మన్యంలో మలేరియా ఉంది, సాయంత్రం పొడుగు చేతుల చొక్కా, దోమల మందు, తిరిగొచ్చాక జ్వరం వస్తే డాక్టరుకు ఎక్కడ తిరిగారో చెప్పడం మర్చిపోవద్దు. చిల్లర నోట్లు దగ్గరుంచుకోండి. బొంగు చికెన్ రాత్రికి తినండి, ఎక్కే ముందు కాదు. పిల్లల ఫొటోలు తీసేముందు వాళ్ళ అమ్మనో నాన్ననో అడగండి.

మీ సైకిలు మోడల్ చెప్పారు గానీ ఫ్రీవీల్ సంగతి చెప్పలేదు. వెనక అన్నిటికంటే పెద్ద పళ్ళ చక్రానికి సున్నంతో గుర్తుపెట్టి పళ్ళు లెక్కపెట్టి రాయండి. 34 ఉంటే ఏమీ మార్చక్కర్లేదు. 28 ఉంటే పెద్దది వేయించాలి. దాన్ని మీ డిరైలర్ మోయగలదో లేదో షాపులో చూపించుకోండి. ఆ పని ఈ వారంలోనే చేసి, మీ అనంతగిరిని బ్యాగులతో వరసగా నాలుగుసార్లు ఎక్కి దిగి చూడండి. నాలుగోసారి మోకాళ్ళు ఎలా ఉన్నాయో కూడా రాయండి.